అవ్వ దీపం, అక్క ఊపిరి

మా బావకు మగ్గం నడపడం వచ్చు, మంటలార్పడం వచ్చు. మూడోది ఒకటుంది గానీ దాన్ని పనంటే ఆయన ఒప్పుకోడు. అది ఇల్లు చూసుకోవడం. సూరత్ పక్కన జోల్వాలో మా అక్కావాళ్లుండే వరస గదుల చాల్ ముందర, నల్లా దగ్గర, ఆడవాళ్ల వరుసలో నిలబడి పెళ్లాం చీరలు జాడించే మగవాడు ఆయనొక్కడే. షిఫ్టు దిగి వచ్చాక లుంగీ ఎగ్గట్టి, ఇద్దరు కూతుళ్లనూ గడప మీద కూర్చోబెట్టి జడలు వేసేవాడు. జీవితమంతా దారంతో గడిపినవాడు కదా, ఆ జడలు ఎంత బిగువుగా ఉండేవంటే, పిల్లల కనుబొమలు పైకి లేచిపోయి, బడికి చేరేదాకా ఏదో వింత చూసినట్టు కనబడేవారు.

చాల్‌లో మగవాళ్లంతా ఎగతాళి చేసేవారు. నేనైతే మరీను. బామ్మర్దికి ఆ హక్కు అక్క పెళ్లి పందిట్లోనే రాసిచ్చేస్తారు. ఆయన నవ్వేసి, "నీకు పెండ్లి గానియ్యి, అప్పుడు నేను జూస్త" అనేవాడు.

జోల్వా అంటే మగ్గాల షెడ్లు. షెడ్డంటే దారం, గుడ్డ, నూనె, గాలిలో తేలే నుసి. ఒక్క రవ్వ పడితే చాలు. పెద్ద ఫైరింజను ఎక్కణ్నుంచో రావాలి, అది వచ్చేసరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయ్యేది. అందుకని షెడ్ల సేఠ్‌లు కొందరు కలిసి ఒక పాత నీళ్ల ట్యాంకరు కొని, దానికి పంపూ పైపులూ బిగించి, చాల్ ఎదురుగా ఒక రేకుల షెడ్డులో నిలబెట్టారు. దానికి జీతగాళ్లంటూ ఎవరూ లేరు. మగ్గం నడిపేవాళ్లను అక్కడ కారీగర్లంటారు. ఆ కారీగర్లలోనే ఇష్టమున్నవాళ్లు దళంగా చేరారు. గల్లీ మూలనున్న మిల్లు సైరన్ను భోంగా అంటారు, అది ఆగకుండా కూసిందంటే ఎక్కడివాళ్లక్కడి నుంచి ట్యాంకరు దగ్గరికి ఉరికేవారు. మా బావ మొదటి రోజు నుంచీ అందులో ఉన్నాడు. పోను పోను ఆ దళానికి ఆయనే పెద్దదిక్కయ్యాడు.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి, అప్పుడే భోంగా కూస్తుందని మా అక్క తిట్టుకునేది. తిట్టుకుంటూనే పసుపు రంగు హెల్మెట్ అందించేది.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలంటరు బావా" అని ఒకసారి నేనంటే, "ఇంట్ల గెలుసుడేందిర, ఇంట్ల ఓడాలె. అప్పుడే రచ్చల గెలుస్తం" అన్నాడు. అలాంటి మాటలకు నాకు ఒళ్లు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సూరత్ రింగ్ రోడ్‌లో చీరల హోల్‌సేల్ దుకాణంలో సేల్స్‌మన్ని, పొద్దంతా గిరాకీల ముందు నవ్వి నవ్వి, ఆ నవ్వులకు మిగిలిన కోపమంతా సాయంత్రం అయినవాళ్ల మీద చూపించేవాణ్ని.

కరోనా వచ్చిన మొదటి ఏడాది మగ్గాలన్నీ ఆగిపోయి జోల్వా మూగబోయింది. ఆ మోతలో పడుకోవడం అలవాటైనవాళ్లు నిశ్శబ్దానికి నిద్రపట్టక తిప్పలు పడ్డారు. మా వైపు జనం దొరికిన బండి పట్టుకుని సిరిసిల్లకూ జగిత్యాలకూ దారి పట్టారు. బావ కదల్లేదు. షెడ్ల నిండా గుడ్డ ఉంది, మనుషులు లేరు, అంటుకుంటే వచ్చేదెవరని ఆయన లెక్క. దళంలో మిగిలినవాళ్లతో కలిసి ఆ ట్యాంకరుతోనే గల్లీ గల్లీకీ మందు నీళ్లు కొట్టాడు. అక్క కూడా పోదామనలేదు.

నేను చెప్పబోయేది రెండో ఏడాది ఎండాకాలం సంగతి. మార్కెట్టు మళ్లీ మూసేశారు. అమ్రోలిలో నా గదిలో ఒక్కణ్నే ఉండలేక అక్కా వాళ్లింటికి వచ్చేశాను. వచ్చిన వారానికే అక్కకు జ్వరం పట్టుకుంది. పక్క గదిలో తాతకూ అదే జ్వరం. ఆ తాతా, అవ్వా మా జిల్లా వాళ్లే. తాత వయసులో ఉన్నప్పుడు బావకు మగ్గం నేర్పినవాడు. కొడుకులిద్దరూ ఊళ్లో ఉంటారు. తాతను ఆస్పత్రికి తీసుకుపోయారు గానీ, తిరిగి తేలేదు. అక్కణ్నుంచి అటే దహనానికి పంపించేశారు. కొడుకులు కూడా ఊళ్లో జ్వరంతో పడి ఉన్నారు, రాలేకపోయారు. అవ్వకు ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఆ సాయంత్రం ఆమె తాత మంచం ఉన్న చోట అలికి, పిండి పోసి, మట్టి ప్రమిదలో దీపం పెట్టింది. చావు దీపం పదో రోజు దాకా కొండెక్కకూడదు. అది ఎక్కడ వెలిగించారో అక్కడే ఉండాలి, గడప దాటకూడదు.

మర్నాడు అక్కకు ఊపిరి ఆడటం తగ్గింది. వేలికి పెట్టే మిషన్‌లో అంకె తొంభై కిందికి పోయింది. ఆస్పత్రుల్లో మంచాలు లేవు. సూరత్‌లో కుదురుకున్న మా వైపు డాక్టరు ఒకాయన, ఎక్కడైనా మంచం దొరికేదాకా ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టమని ఫోన్లో చెప్పాడు. బావ ఎవరి కాళ్లు పట్టుకున్నాడో, ఎన్ని చోట్ల తిరిగాడో, మధ్యాహ్నానికి ఒక సిలిండరు భుజానికెత్తుకుని వచ్చాడు. సిలిండరుకు మీటరు బిగిస్తుంటే పానా రెండుసార్లు జారి కింద పడింది.

అంతా బిగించాడు. అక్క ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టాడు. వాల్వు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"తిప్పు బావా" అన్నాను.

ఆయన పైకి చూస్తున్నాడు. ఆ చాల్‌లో గదుల మధ్య గోడలు కప్పు దాకా ఉండవు. గోడకూ రేకులకూ మధ్య మూరెడు సందు. ఇటు వేసిన పోపు అటు తుమ్ముగా మారే ఇళ్లవి. ఆ సందులోంచి పక్క గదిలో దీపం వెలుగు రేకుల మీద ఆడుతోంది.

"ముట్టకు. నేను వచ్చేదాక వాల్వు తిప్పకు" అని చెప్పి బయటికి పోయాడు.

ముందు చాల్ పొడుగునా తిరిగి స్టవ్వులు ఆర్పించాడని నాకు గొంతును బట్టి తెలుస్తూనే ఉంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. చివరి గదిలో బీడీల మనిషి ఉన్నాడు, భార్య పురుడప్పుడు కూడా బీడీ ఆర్పలేదని పేరు. ఆయన కూడా కట్ట తీసి నల్లా కింద పెట్టేశాడట. అప్పుడు బావ అవ్వ గడప దగ్గరికి వచ్చాడు. నేను అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అక్క కడుపు ఎగిరెగిరి పడుతోంది. గోడ మీది సందులోంచి ప్రతి మాటా మాకు వినబడింది.

"అవ్వా, మా ఇంట్లకు ఆక్సిజన్ వచ్చింది."

"మంచిగైంది బిడ్డా. జల్ది పెట్టు. పిల్ల రొప్పుడు నాకీడికి ఇనవడుతున్నది."

"పెట్టాలంటె ఈడ నిప్పు ఉండొద్దవ్వా. అండ్లకెల్లి వచ్చే గాలి ఇటు దిక్కు వస్తది. జర రవ్వ లేస్తె నా పెండ్లామొక్కతే గాదు, నువ్వు పోతవు, ఈ లైనంత పోతది."

అక్క కళ్లు తెరిచి రేకుల మీది వెలుగునే చూస్తోంది.

"ఆర్పమంటున్నవా కొడుకా" అంది అవ్వ. "పీనుగను సుత ఇంటికి తేనియ్యలేదు. మొకం జూడనియ్యలేదు. ఆయన వచ్చి జూస్తె ఇంట్ల దీపమన్న ఉండద్దా."

"ఆర్పమంటలేనవ్వా. నాకియ్యి. పదొద్దుల దాక నేను కాస్త."

"బయట గాలి గట్ల కొడుతున్నది."

"ఇన్నేండ్లు ఆర్పిన. ఇప్పుడు ఆరకుంట జూస్త."

"నీ పెండ్లాం గట్లున్నది, నువ్వు సావు దీపం పట్టుకుంటవా? నలుగురు ఏమంటరు?"

"అననియ్యి. మొగోని దీపం నీది. ఇస్తె తీస్కపోత. ఇయ్యనంటె ఆమెను ఎత్తుకోని సడక్ మీద పండవెడత. నిన్ను తిట్టను. ఒట్టు."

బయట ఎండ నిప్పులు కురిపిస్తోంది. ఆ ఎండలో రోడ్డు మీదికి మా అక్కను తీసుకుపోతే ఎంతసేపు ఉంటుంది? గోడ దూకి ఆ దీపాన్ని నేనే ఊదేద్దామన్నంత కోపం వచ్చింది. అవ్వ ముక్కు చీదిన చప్పుడు వినబడింది. తర్వాత గాజులు కదిలాయి.

"కొండెక్కనియ్యకు బిడ్డా" అంది.

రేకుల మీది వెలుగు కదిలింది, పక్కకు జరిగింది, పోయింది. కిటికీలోంచి చూస్తే బావ గల్లీ దాటుతున్నాడు. పసుపు హెల్మెట్‌ను తిరగేసి, అందులో బియ్యం పోసి, బియ్యం మధ్య ప్రమిద పెట్టి, రెండు చేతులా పొట్టకు ఆనించుకుని నడుస్తున్నాడు. గాలికి వీపు తిప్పి, పక్కకు పక్కకు అడుగులేస్తున్నాడు. వెనక అవ్వ కొంగు అడ్డం పట్టుకుని వస్తోంది. గల్లీలో జనం గోడలకు అతుక్కుపోయి దారి వదిలారు. ట్యాంకరు షెడ్డు గడప దాటాక ఆయన మా కిటికీ వైపు తిరిగాడు. నోరు తెరిస్తే దీపానికి ఏమైనా అవుతుందన్న భయమేమో, అరవలేదు, తల ఊపాడు. నేను వాల్వు తిప్పాను.

అంత జాగ్రత్తగా మనిషి నడవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పటిదాకా నాకు ఆయన మీద ఉన్నది ఇష్టం. మొదటిసారి భయం లాంటిది కలిగింది, దేవుడి ముందు నిలబడితే కలుగుతుందంటారే, ఆ రకం. అయినా నా కోపం నాదే కదా, అది మాత్రం తగ్గలేదు.

సాయంత్రానికే గుసగుసలు మొదలయ్యాయి. పెళ్లాం ప్రాణం మీద ఉంటే పరాయి చావు దీపానికి నూనె పోసే మొగుడుంటాడా అని. నా మనసులో ఉన్నదే వాళ్లు అన్నారు. నేను తిన్నగా షెడ్డుకు పోయాను. ట్యాంకరు వెనక మూలన, ఒక ఇనప డ్రమ్మును సగానికి కోసి, అందులో ప్రమిద దింపి, బావ వత్తి సరిచేస్తున్నాడు.

"నీకు బుద్ధున్నదా బావా? అక్క అక్కడ గట్ల పడి ఉన్నది. రేపు ఏదన్న అయితే?"

"ఏదన్న అయితే సిలిండర్ దొరకకుంటె అయితది. దీపం పట్టుకుంటె గాదు."

"జనం అంటున్నరు."

"జనం నీ నోట్లకెల్లి అంటున్నరు" అన్నాడు. వత్తి చివర గిల్లి మళ్లీ అన్నాడు: "మీ అక్క గోడ మీదికెల్లి అంత ఇన్నది. అవ్వ ఏడ్సుడు ఇన్నది. గా దీపం ఆర్పి ఊపిరి తెచ్చిన అంటె, మీ అక్క పీల్సుకుంటదార? నీకు తోడవుట్టిందే గదా, చెప్పు."

మా అక్క సంగతి నాకు తెలుసు. మూతి మీది మాస్కు పీకి పారేస్తుంది.

ఆ రోజు నుంచి మా బావ బతుకు ఆ గల్లీ వెడల్పులో నడిచింది. ఇటు వస్తే అక్కను బోర్లా తిప్పడం, వీపు తట్టడం, రాగి జావ పట్టడం, ఒళ్లు తుడవడం, తీరిక లేక పిల్లలకు జడలు ఎలా వేసుకోవాలో నోటితోనే చెప్పడం. అటు పోతే నూనె, వత్తి, గాలి. దళం వాళ్లు కూడా వంతులు వేసుకున్నారు. పైపులు పట్టే మొరటు చేతులు అంత పలుచటి వత్తిని పైకి లాగుతుంటే చూడాలి. ఆరిపోతుందని అరచేతులు అడ్డం పెట్టి, ఊపిరి బిగబట్టి. అవ్వ పొద్దున్నే నూనె సీసా పట్టుకుని వచ్చి, గడప దగ్గర నిలబడి దీపం చూసి పోయేది.

అక్కకు మాస్కు వల్ల మాట్లాడటం కుదిరేది కాదు. అయినా వాళ్లిద్దరికీ మాటలకు కొదవలేదు. మగ్గాల మోతలో గొంతు పనికిరాదు కాబట్టి అక్కడివాళ్లంతా చేతులతో మాట్లాడుకుంటారు. అక్క కూడా పెళ్లయిన కొత్తలో కండెలు చుట్టే షెడ్డులో పనిచేసింది. వాళ్ల ప్రేమ కథంతా ఆ చేతుల మీదే నడిచిందని చాల్‌లో అంటారు. ఇప్పుడు అక్క మంచం మీది నుంచి వేళ్లు కదిపేది, ఆయన గుమ్మంలోంచి బదులిచ్చేవాడు. ఏమంటోందని నేనడిగితే, "నువ్వు తిండి ఎక్వ తింటున్నవంటున్నది" అనేవాడు. అబద్ధమో నిజమో తెలిసేది కాదు.

మూడో సిలిండరు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం భోంగా కూసింది. బావ అప్పుడు అక్క నోటికి జావ గరిటె అందిస్తున్నాడు. గరిటె గాలిలో ఆగింది. భోంగా ఆగలేదు. ఆయన అక్క వైపు చూశాడు. వద్దంటే పోడని నాకు అర్థమైంది. అంతవరకూ ఒక్కసారి కూడా నేను చూడనిది అదే, భోంగా కూస్తుంటే ఆయన కదలకుండా ఉండటం. అక్క చెయ్యి పైకెత్తి మణికట్టు ముందుకు తిప్పింది. మగ్గం నడిపించమనే సైగ అది. ఆయన గరిటె పెద్ద కూతురి చేతికిచ్చి ఉరికాడు.

నేను వెనకే పోయాను. ట్యాంకరు స్టార్టయింది, దళమంతా ఎక్కేసింది. అప్పుడు గానీ మాకు తట్టలేదు. ఇన్ని రోజులూ దీపానికి గాలి తగలకుండా ఆపింది ఆ ట్యాంకరే. అది బయటికి పోగానే షెడ్డంతా ఖాళీ, గాలి తిన్నగా మూలకు కొట్టింది. దీపం పడుకుంది, మళ్లీ లేచింది. బావ ట్యాంకరు మెట్టు మీది నుంచి నా వైపు చూశాడు. ట్యాంకరు మలుపు తిరిగిపోయింది.

గోడకు వేలాడుతున్న దళం కోటు తీసి తల మీదుగా కప్పుకుని ఆ డ్రమ్ము మీదికి వంగాను. నూనె పొగకు కళ్లు మండుతున్నాయి, చెమట కారుతోంది. దేవుణ్ని నమ్మని మనిషిని. ఆ వత్తికి దండం పెట్టుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి అవ్వ వచ్చింది. గాలి వచ్చే వైపు నేల మీద కూలబడి, కొంగు రెండు చేతులా పరిచి అడ్డం పట్టింది. ఇద్దరం ఒక గోడ కట్టాం.

"పిల్ల ఊపిరి ఎట్లున్నది?" అని అడిగింది.

"అట్లనే ఉన్నదవ్వా."

"నేను ఆయనకు దినాం చెప్తున్న" అంది దీపం వైపు చూస్తూ. "పోయెటోనివి నువ్వు పోయినవు. గా పిల్లను ఎంట తీస్కపోకు అని. నా మాట ఎన్నడినలేదు గానీ, గిదన్న ఇంటడు."

నేను ఏడ్చాను. కోటు కప్పుకుని ఉన్నాను కాబట్టి ఆమెకు కనబడలేదనుకుంటాను. నేను ఈ దీపాన్ని చూసి మా అక్కకు కీడని మండిపడుతుంటే, ఆమె రోజూ నూనె తెచ్చి మా అక్క కోసమే మొక్కుతోంది.

సాయంత్రం ట్యాంకరు తిరిగొచ్చింది. ఒక షెడ్డులో చెత్త దారం గుట్ట అంటుకుందట, మగ్గాల దాకా పోనివ్వకుండా ఆపారు. బావ ముఖం గుర్తుపట్టేట్టు లేదు. కళ్లు, పళ్లు తప్ప అంతా మసి. దిగీ దిగగానే గల్లీ ఇవతల నుంచే కూతుర్ని కేకేసి అంకె ఎంత ఉందని అడిగాడు. పొద్దుటి కంటే రెండు ఎక్కువ చెప్పింది. తర్వాత వచ్చి డ్రమ్ములోకి తొంగి చూశాడు. దీపం ఉంది. అప్పుడు బిందె ఎత్తి నీళ్లు తాగాడు.

తర్వాత ఒకటి రెండు రోజులు అంకె పెరుగుతూ తగ్గుతూ మమ్మల్ని చంపుకుతింది. ఆ పైన కొంచెం కొంచెం నిలబడసాగింది. పదో రోజుకు ముందు రోజు డాక్టరు సిలిండరు తీసి చూడమన్నాడు. కానీ ఒక మాట గట్టిగా చెప్పాడు. దగ్గు తెర వస్తే ఊపిరి మళ్లీ పడిపోవచ్చు, మాట్లాడనివ్వద్దు, ఏడవనివ్వద్దు. సిలిండరు గోడకు ఆనించే ఉంచాం. అక్క కళ్లు మూసుకుని పడుకుంది. దగ్గినప్పుడల్లా బావ చెయ్యి పానా మీదికి పోయేది.

ఆ సాయంత్రమే అవ్వ కొడుకులు ఫోన్ చేశారు. పదో రోజు కర్మకు మనిషి కావాలి. నిలబడి నడవలేని స్థితిలో ఇద్దరూ ఉన్నారు. ఫోన్ పట్టుకుని అవ్వ మా గడప దగ్గరికి వచ్చింది గానీ, నోరు తెరిచి అడగలేకపోయింది. తల గీయించుకుని కర్మ చేయమని, మంచంలో పెళ్లాం ఉన్నవాణ్ని ఎలా అడుగుతుంది? తండ్రి ఉన్నవాడు తల గీయించుకోకూడదంటారు, బావకు తండ్రి లేడు, ఆ అడ్డంకి లేదు. ఆయన అవ్వను చూశాడు, గుమ్మంలోంచి అక్క వైపు తిరిగి, తల మీద చెయ్యి పెట్టి గీసినట్టు సైగ చేశాడు.

అక్క చాలాసేపు ఆయన్నే చూసింది. తర్వాత డాక్టరు మాట కూడా లెక్కచెయ్యకుండా, మాస్కు లేని నోటితో, మెల్లగా, మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి అంది.

"చెయ్యి. అవ్వ దీపం ఇయ్యకుంటె, నేను ఏడుంటుంటి."

మంగలి దొరకలేదు. దళంలో పైపు పట్టే మనిషి నాకు వచ్చన్నాడు. ఆయనకు రాదని మొదటి గీతకే తెలిసింది. కాలువ గట్టు మీద బావ తల వంచుకుని కూర్చుంటే, ఆ మనిషి చెవుల వెనక వెంట్రుకలు వదిలేసి, నడినెత్తి మీద రెండు చోట్ల గాట్లు పెట్టాడు. కర్మ అయింది. ఊళ్లో కొడుకులు ఫోన్లో చూస్తూ ఏడ్చారు. అవ్వ తన చేతులతోనే ప్రమిదను గట్టు మీద పెట్టింది. ఎవరూ ఆర్పలేదు. అది తనంతట తాను కొండెక్కేదాకా అందరం నిలబడ్డాం. బావ పెదవులు కదులుతున్నాయి. ఏమనుకుంటున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కాలువలో మునిగి, తడిబట్టలతో తిరిగొచ్చాం. అలా వచ్చినవాడు వెంటనే ఇంట్లో అడుగు పెట్టకూడదు. అందుకని బావ కిటికీ బయట నిలబడి, ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. అంకె ఎంతుందో అడుగుదామని. నేను గుమ్మంలో ఉన్నాను. చిన్న కూతురు తల్లి వేలికి మిషన్ పెడుతోంది. అవ్వ మా వెనకే ఉంది.

అక్క తల తిప్పి ఆయన్ని చూసింది. చెవుల వెనక కుచ్చుల్లా వెంట్రుకలు, నెత్తి మీద పసుపు అద్దిన గాట్లు, నడినెత్తంతా చపాతీ పీటలా చదును. అంతకాలం జుట్టు కింద ఆ చదును ఉందని మాకెవరికీ తెలియదు.

"ఇన్నేండ్లు" అంది అక్క, "నేను గీ తలకాయతోనా కాపురం చేసింది?"

నవ్వింది. ముందు పెదవులతో, తర్వాత గొంతుతో, తర్వాత భుజాలు కదిలేంత గట్టిగా. మాకెవరికీ నవ్వు రాలేదు. నేను పానా అందుకున్నాను. చిన్న కూతురు తల్లి వేలిని రెండు చేతులా పట్టుకుని అంకె వైపు చూస్తోంది. బావ ఊచలు పట్టుకుని బిగుసుకుపోయాడు. దగ్గు వస్తుందని అందరం ఎదురుచూశాం. అది రాలేదు. అక్క ఊపిరి తీసుకుంది, మామూలుగా, నిండుగా, మనమంతా తీసుకునేలాగా, మళ్లీ ఆయన తల వైపు చూసి మళ్లీ నవ్వింది.

బావ ఆ ఊచలు పట్టుకునే కిందికి జారి, గోడకు ఆనుకుని కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అవ్వ పోయి ఆయన పక్కన కూర్చుని ఆ గాట్ల మీద చెయ్యి పెట్టింది. లోపల అక్క, ఆయన కనబడక, ఏమయ్యాడో చూడమని నాకు చేత్తో సైగ చేస్తూ ఇంకా నవ్వుతూనే ఉంది.